డైయింగ్ మాస్టర్ నోటుపుస్తకం

సూరత్ జిల్లాలో, అహ్మదాబాదు నుంచి ముంబయికి పోయే జాతీయ రహదారిని ఆనుకొని పల్సానా అనే తాలూకా కేంద్రం ఉన్నది. ఆ పేరు విన్న తెలుగువారు తక్కువే కావచ్చు. కాని సూరత్ చీర చేరని తెలుగు ఊరు కానరాదు. సూరత్ మరమగ్గాల మీద నేసిన పాలియెస్టర్ గుడ్డకు రంగు వేసి, అచ్చులు అద్దే మిల్లులు పల్సానా, కడోదరా పరిసరాలలో విస్తారంగా వెలిశాయి. మగ్గం దిగిన గుడ్డ అక్కడికి వెలవెలబోతూ వెళ్ళి, వన్నెలు సంతరించుకొని బయటికి వస్తుంది.

ఈ మధ్యకాలంలో ఉద్యోగులు కాగితానికి బదులు టాబ్లెట్ మీద రాసుకోవటం గురించి చాలా చర్చ జరుగుతున్నది. ఆ చర్చ సాధారణంగా చల్లని గదిలో, నున్నని బల్ల ముందు కూర్చున్న వారిని దృష్టిలో పెట్టుకొని సాగుతుంది. రాత అనేది తడిలో, ఆవిరిలో, యంత్రాల హోరులో జరిగే చోటికి వెళ్ళి చూస్తే సంగతి మరొక విధంగా కనిపిస్తుంది. అందుకు రంగుల మిల్లును మించిన చోటు లేదు.

అక్కడ రాయవలసినది కొల్లలు. గుడ్డ ఒక్కొక్క లాటుగా వస్తుంది. ఏ లాటు, ఎన్ని కిలోలు, ఏ రంగు, ఏ యంత్రం, ఎన్ని గంటలకు ఎక్కింది, ఎన్నింటికి దిగింది అనేవన్నీ ఒక కార్డు మీదికి ఎక్కాలి. పాలియెస్టర్‌కు రంగు పట్టాలంటే మూసివున్న యంత్రంలో, ఒత్తిడి కింద, నీటిని దాదాపు 130 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేయాలి. నీరు కొంచెం ఆమ్లగుణంతో ఉండాలి. వేడి ఏ వేగంతో పెరిగింది, ఎంతసేపు నిలిచింది అన్నదాన్ని బట్టి రంగు సమంగా పట్టటమో, మచ్చలు తేలటమో జరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది రంగుల పాళ్ళు. గుడ్డ బరువులో నూటికి ఎంత అని వాటిని లెక్కకడతారు.

ఆ లెక్కలో ఒక చుక్క విలువ ఎంతో చూడండి. నూరు కిలోల గుడ్డకు ఒక రంగు 0.05 శాతం కావాలంటే 50 గ్రాములు తూయాలి. తడిచేతితో పట్టుకున్న కార్డు మీద సున్న ఒకటి చెదిరి 0.5గా కనబడితే 500 గ్రాములు పడుతుంది. పదిరెట్లు! లేత గులాబి కావలసిన గుడ్డ ముదిరిపోతుంది. దాన్ని సరిదిద్దటానికి మళ్ళీ నీరు, మళ్ళీ ఆవిరి, మళ్ళీ రసాయనాలు ఖర్చు చేయాలి. ఆ నీరంతా చివరకు శుద్ధికేంద్రానికి చేరాలి. ఇదంతా ఒక సిరాచుక్క చేసే పని.

ఇటువంటి చోట టాబ్లెట్ చేయగల మేలు చిన్నది కాదు. అంకె చెదరదు. అలవాటులేని అంకె పడితే 'సరిచూసుకో' అని హెచ్చరించేటట్లు అమర్చుకోవచ్చు. పగటి షిఫ్టువారు రాసినది రాత్రి షిఫ్టువారు చదవలేకపోవటం ఉండదు. ఆరునెలల కిందటి లాటు వివరం కోసం బీరువాలు తిరగవేయనక్కరలేదు. పైగా ప్రతి నమోదుకు గంట, నిమిషం తోడుంటాయి. రంగు తేడా వచ్చి, నేరం ఎవరిదన్న ప్రశ్న తలెత్తినప్పుడు, వేళ తప్పకుండా పని చేసిన కార్మికునికి అదే సాక్ష్యం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను, తగిన ధ్రువపత్రంతో కూడిన ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా అంగీకరిస్తున్నది.

ఇక చిక్కులు. టాబ్లెట్ అద్దం మన వేలిలోని స్వల్ప విద్యుత్ గుణాన్ని గ్రహించి పనిచేస్తుంది. వేలు తడిసినా, అద్దం మీద నీటి బొట్లున్నా అది తికమకపడుతుంది. రబ్బరు చేతితొడుగు వేసుకుంటే అసలు పలకకపోవచ్చు. ప్రత్యేకమైన కలంతో ఈ ఇబ్బంది కొంత తీరుతుందిగాని, ఆ కలం పోకుండా చూసుకోవటం మరొక ఉద్యోగం! వేడి సంగతీ ఉన్నది. ఐప్యాడ్‌ను 35 డిగ్రీలకు మించని వాతావరణంలో వాడమని దాని తయారీదారులే చెబుతారు. దక్షిణ గుజరాత్ వేసవిలో, ఆవిరి గొట్టాల నడుమ, ఆ హద్దును కాపాడటం ఎవరితరం?

అన్నిటినీ మించి, కాగితం మాత్రమే మోయగల ఒక వస్తువున్నది. అది గుడ్డముక్క. రంగులవారి నోటుపుస్తకంలో పాళ్ళు రాసిన వరుస పక్కనే, ఆ పాళ్ళతో రంగువేసిన గుడ్డముక్కను అతికించి ఉంచుతారు. దాన్ని ఫొటో తీసి టాబ్లెట్‌లో దాచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కాని ఒక్కొక్క తెర ఒక్కొక్క విధంగా రంగు చూపుతుంది. దీపం మారితే కెమెరా కంటికి ఎరుపు నారింజ అవుతుంది. బేరం చేసేవాడు ఫొటోను ఒప్పుకోడు. గుడ్డముక్కను ప్రమాణమైన వెలుతురులో పెట్టి, రెండింటినీ పక్కపక్కన చూస్తాడు.

రాసి, చెరిపి, మళ్ళీ రాసే పలక మనకు కొత్తదని అనుకోవటం పొరపాటు. తెలుగు, కన్నడ ప్రాంతాల వర్తకులూ, గ్రామ లెక్కలవారూ ఒకప్పుడు కడితం వాడేవారు. గుడ్డకు బొగ్గుపొడి, చింతగింజల జిగురు కలిపి పట్టించి, ఆరబెట్టి, మడతలు మడతలుగా పుస్తకంలా చేసేవారు. దాని మీద బలపంతో రాసేవారు. అక్కర తీరిన లెక్కను తుడిచి, మళ్ళీ పూత వేసి వాడుకునేవారు. శాశ్వతంగా ఉండవలసినవి తాటాకు మీదికి పోయేవి. అంటే, చెరిపివేసే రాత వేరు, దాచుకునే రాత వేరు అన్న వివేకం వారికి ఉన్నది. ఈనాటి టాబ్లెట్ రెండింటినీ ఒకే అద్దం కింద కలిపివేస్తున్నది.

గుజరాతీ వర్తకులకు లెక్కల పుస్తకం పూజనీయం. దీపావళినాడు కొత్త చోపడాలకు పూజ చేసి, శుభం, లాభం అని రాస్తారు. కొన్నేళ్ళుగా ఆ పీఠం మీదికి కంప్యూటర్లు కూడా చేరి కుంకుమ బొట్టు పెట్టించుకుంటున్నాయి. కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ 2019 జులై 5న బడ్జెట్ పత్రాలను చర్మపు పెట్టెలో కాక, ఎర్రని గుడ్డలో చుట్టిన బహీఖాతాగా తెచ్చారు. 2021 ఫిబ్రవరి 1న అదే ఎర్రని సంచిలోనుంచి టాబ్లెట్ బయటికి తీశారు. సంచి మాత్రం మారలేదు.

అయితే, టాబ్లెట్ మీద రాసినది మనసులో నిలుస్తుందా? టోకియో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోదగినది. 48 మంది యువతీయువకులకు కొన్ని పనుల తేదీలు, వేళలు ఇచ్చి నమోదు చేసుకోమన్నారు. కొందరు కాగితపు డైరీలో, కొందరు కలంతో టాబ్లెట్ మీద, కొందరు ఫోనులో రాశారు. కాగితం వారికి సుమారు 11 నిమిషాలు పట్టగా, టాబ్లెట్ వారికి 14, ఫోను వారికి 16 నిమిషాలు పట్టాయి. గంట తరువాత ప్రశ్నలు వేసి మెదడును పరీక్షించినప్పుడు, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలలో కదలిక కాగితం వాడినవారిలోనే ఎక్కువగా కనబడింది. పుట మూల, మడత, చేతిరాత వంకర ఇవన్నీ జ్ఞాపకానికి కొక్కేలుగా ఉపయోగపడతాయని వారి ఊహ. దీన్ని పట్టుకొని టాబ్లెట్‌ను తోసివేయటమూ తగదు. 2024లో ప్రచురితమైన నార్వే పరిశోధనలో 36 మంది విద్యార్థులు అద్దం మీదనే డిజిటల్ కలంతో రాశారు. మీట నొక్కి టైపు చేసినప్పటికంటె, అలా రాసినప్పుడే మెదడులోని భాగాల మధ్య అనుసంధానం విస్తృతంగా కనిపించింది. కనుక అద్దమా, కాగితమా అన్న దానితోపాటు, చేయి అక్షరాన్ని గీసిందా లేదా అన్నదీ చూడాలి. మెనూలో ఒక గడిని తాకి 'సరే' అనటం రాయటం కాదని నా అభిప్రాయం.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఆ రాత ఎవరిది?

అద్దకపు వృత్తిలో పాళ్ళు అన్నవి అన్ని దేశాలలోనూ రహస్యాలే. తండ్రి కొడుకుకు చెప్పేవాడు. గురువు ఏళ్ళ తరబడి సేవ చేసిన శిష్యునికి చెప్పేవాడు. డైయింగ్ మాస్టర్ జేబులోని నోటుపుస్తకం ఆయన ఆస్తి. మిల్లు మారితే పుస్తకమూ ఆయనతో వెళుతుంది. జీతం గురించి మాట్లాడేటప్పుడు ఆయనకు వెన్నుదన్ను అదే. యజమాని వైపు నుంచి చూస్తే ఇది నష్టమే. తన గుడ్డ మీద, తన రంగులతో చేసిన ప్రయోగాల ఫలితం గేటు దాటిపోతున్నది. టాబ్లెట్ ఈ తగవును చప్పుడు లేకుండా తీర్చివేస్తుంది. కంపెనీ పరికరంలో రాసినది ఆ క్షణమే కంపెనీ సర్వరుకు చేరుతుంది. ఉద్యోగం మానిన రోజున పాస్‌వర్డు పోతుంది. దానితో ఇరవై ఏళ్ళ అనుభవం పోతుంది. కాగితమో, టాబ్లెటో నిర్ణయించేటప్పుడు వేగం, ఖర్చు లెక్కించేవారు ఈ మాట ఎత్తరు. కార్మికుడు తన నమోదులకు ఒక ప్రతి తీసుకోవచ్చునా అన్నది నియామకపు పత్రంలోనే తేలవలసిన విషయం.

భాష సంగతి కూడా దీనికి ముడిపడి ఉన్నది. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు సూరత్ మగ్గాల మీద తరాలుగా బతుకుతున్నాయి. నగర పాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. అటువంటి బడిలో చదివినవాడు సొంత నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుంటే అడిగేవారు లేరు. టాబ్లెట్ గడులు మాత్రం తయారుచేసినవాడి భాషలో వస్తాయి. మహారాష్ట్రలో 2021 ఆగస్టులో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లను తిరిగి ఇచ్చివేశారు. పరికరాలు పాతవని, పోషణ్ ట్రాకర్ అప్లికేషను తమ భాషలో లేదని వారి ఫిర్యాదు. కంప్యూటరుకు తెలుగు రాదనే సాకు ఇప్పుడు చెల్లదు. యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పు నుంచీ మన లిపి ఉన్నది. లేనిది అడిగేవాడే.

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎంలకు 'అన్‌మోల్' అనే అప్లికేషనుతో టాబ్లెట్లు ఇచ్చారు. గర్భిణుల వివరాలు, బిడ్డల టీకాల లెక్కలు వాటిలోకి ఎక్కించాలి. ఉద్దేశం మంచిదే, సంచి నిండా రిజిస్టర్లు మోసే బాధ తప్పాలన్నదే దాని లక్ష్యం. కాని ఇటువంటి ఏర్పాట్లలో ఏళ్ళ తరబడి వినిపిస్తున్న మొర ఒక్కటే. టాబ్లెట్ వచ్చింది, రిజిస్టరు పోలేదు. ఒకే వివరాన్ని పగలు కాగితం మీద, సాయంత్రం అద్దం మీద రాయవలసి వస్తున్నది. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు అడిగేది ఇంకా రిజిస్టరే.

రంగుల మిల్లులో ఈ రెండింటినీ విడదీయటం అంత కష్టం కాదు. లాటు నంబరు, బరువు, వేడి, వేళ వంటివి పదిమందికి తెలియవలసినవి; అవి టాబ్లెట్ మీదికి పోవచ్చు, కార్డు మానివేయవచ్చు. ఈ నీలంలో పచ్చదనం ఎందుకు తొంగిచూస్తున్నది, వర్షాకాలపు నీటికి ఆమ్లం ఎంత తగ్గించాలి అన్న ఆలోచనలు మాత్రం మాస్టర్ తన భాషలో, తన చేతిరాతతో, తన పుస్తకంలో గీసుకుంటాడు. అందులో ఒక పుట నిండగానే దాని పక్కన గుడ్డముక్క అతికించి, జిగురు ఆరేదాకా బొటనవేలితో నొక్కి పట్టుకుంటాడు.