ముఖం మీద మచ్చలకు లేజర్: ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇవి తెలుసుకోండి

ఉంగుటూరు: నూజివీడు చుట్టుపక్కల మామిడి కోతలు మొదలయ్యాయంటే ఊళ్లో సగం మంది తోటల్లోనే కనిపిస్తారు. కాయ కోసేవాళ్లు, ఏరేవాళ్లు, పెట్టెలకు ఎత్తేవాళ్లు అందరూ ఎండలోనే. ఇంట్లో ఆడవాళ్లు ఆవకాయకు ముక్కలు కొడుతుంటారు. తొడిమ విరగ్గానే చిమ్మే సొన చెంప మీద పడితే ముందు మంట, తర్వాత పొక్కు. పొక్కు ఎండిపోయాక అక్కడ నల్ల మచ్చ మిగులుతుంది.

సీజన్ అయిపోయేసరికి ఇంట్లో నికాహ్ మాటలు మొదలవుతాయి. "అమ్మీ, వలీమా ఫొటోల్లో ఈ మచ్చలు కనపడతాయేమో" అని అమ్మాయి దిగులు. అదే సమయంలో ఫోన్‌లో ప్రకటన వస్తుంది: ఆరు సిట్టింగుల్లో మచ్చలు మాయం, ఈరోజు కడితే డిస్కౌంట్ అని. నగకో బట్టలకో దాచిన డబ్బు అక్కడికి వెళ్లిపోతుంది.

లేజర్ మోసం కాదు, నిజంగా పనిచేసే వైద్యమే. కాకపోతే అన్ని మచ్చలకూ పనిచేయదు. పైగా మన చామనఛాయ చర్మం మీద సరిగా వాడకపోతే ఉన్న మచ్చ ఇంకా నల్లబడుతుంది. అందుకే మెషిన్ ఏది అని అడిగే ముందు, ఈ మచ్చ ఏ రకం అని అడగాలి.

మచ్చ ఎందుకు వస్తుంది?

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. ఎండ నుంచి కాపాడటానికి చర్మమే దాన్ని తయారు చేసుకుంటుంది. ఒకచోట ఎక్కువగా తయారైతే మచ్చగా కనిపిస్తుంది. మొటిమ, కాలిన గాయం, ఎలర్జీ, మామిడి సొన, ఇలా దేనివల్ల చర్మం వాచినా తగ్గేటప్పుడు అక్కడ మెలనిన్ మిగిలిపోవచ్చు. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం చెట్లు కాబట్టి రెండింటి సొనా చర్మాన్ని కాలుస్తుంది. సొన పడగానే సబ్బుతో బాగా కడిగేస్తే చాలావరకు మచ్చ దాకా రాదు.

రెండు చెంపల మీద, ముక్కు మీద, నుదుటి మీద గోధుమరంగులో పరుచుకునేవి మంగు మచ్చలు. ఇవి ఆడవాళ్లలో ఎక్కువ. ఎండ, గర్భం, గర్భనిరోధక మాత్రలు, వంశం దీనికి ముఖ్య కారణాలు. పొయ్యి సెగ కూడా పెంచుతుంది. కాన్పు తర్వాత కొన్ని నెలల్లో చాలామందికి వాటంతటవే తగ్గుతాయి.

లేజర్ ఏం చేస్తుంది?

లేజర్ అంటే ఒకే రంగు కాంతిని ఒకేచోట గట్టిగా పడేలా చేయడం. మొదటి లేజర్ 1960లో తయారైంది. చర్మంలో ఒక్క రంగు పదార్థాన్నే గురిపెట్టి, పక్కన చర్మం కాలకుండా కొట్టవచ్చని 1983లో అమెరికా శాస్త్రవేత్తలు ఆండర్సన్, పారిష్ వివరించారు. ఇప్పటి మచ్చల లేజర్లు చాలావరకు ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

మన దగ్గర ఎక్కువగా వాడేది క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ-యాగ్. ఇది సెకనులో వంద కోట్లో వంతు లెక్కన కొన్ని రెప్పపాట్ల కంటే తక్కువ సమయంలో కాంతి పంపుతుంది. ఆ దెబ్బకు మెలనిన్ చిన్న ముక్కలైపోతుంది. వాటిని శరీరమే మెల్లగా ఊడ్చేస్తుంది. అందుకే ఫలితం ఒక్కరోజులో రాదు, వారాలు పడుతుంది.

ఇందులో 1064 నానోమీటర్ల కాంతి లోతుకు వెళ్తుంది. పైపొరలోని రంగు దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి నలుపు, చామనఛాయ చర్మాలకు కొంత నయం. 532 నానోమీటర్ల కాంతి పైపై మచ్చలకు పనికొస్తుంది కానీ మన చర్మం మీద కాలే ప్రమాదం ఎక్కువ.

ఏ మచ్చకు పనికొస్తుంది, ఏ మచ్చకు కాదు?

పుట్టుకతోనో చిన్న వయసులోనో కంటి చుట్టూ, చెంప మీద నీలం-బూడిద రంగులో వచ్చే ఓటా మచ్చకు లేజరే ముఖ్యమైన వైద్యం. నెలల ఎడంతో చాలా సిట్టింగులు పడతాయి. ఎండ వల్ల వచ్చే చిన్న గోధుమ చుక్కలు, పచ్చబొట్లు కూడా లేజర్‌తో బాగా తగ్గుతాయి.

మొటిమలు, సొన, కాలిన గాయాల నల్ల మచ్చలకు తొందర అక్కర్లేదు. ఎండ తగలకుండా చూసుకుంటే చాలావరకు కొన్ని నెలల్లో, కొందరికి ఏడాదికి పైగా పట్టి, వాటంతటవే పలచబడతాయి.

మంగు మచ్చల దగ్గరే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. లేజర్ తర్వాత తగ్గినట్టే ఉంటాయి. ఎండలోకి వెళ్లగానే మళ్లీ వస్తాయి, కొందరికి ముందుకంటే ముదురుగా వస్తాయి. అందుకే స్కిన్ డాక్టర్లు వీటికి ముందు సన్‌స్క్రీన్, పూత మందులు, అవసరమైతే మాత్రలు ఇస్తారు. లేజర్ మాట చివర్లోనే వస్తుంది.

మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా మారితే అసలు లేజర్ వైపే వెళ్లకండి. చాలామందిలో అది బరువు పెరగడానికి, షుగర్ రాబోతోందనడానికి గుర్తు. ముందు షుగర్ పరీక్ష చేయించాలి. బరువు తగ్గితే నలుపు కూడా తగ్గుతుంది.

నుదుటి మీద సజ్దా గుర్తు, మోకాళ్లు, చీలమండల నలుపు రాపిడి, ఒత్తిడి వల్ల చర్మం మందమై వచ్చేవి. వీటికి మెత్తటి జానిమాజ్ చేసే మేలు లేజర్ చేయదు.

పుట్టుమచ్చ పెరుగుతున్నా, రంగు మారుతున్నా, రక్తం కారుతున్నా దాన్ని లేజర్‌తో తీయించుకోకూడదు. అది క్యాన్సర్ కాదని డాక్టర్ తేల్చాకే తర్వాతి మాట.

మన చర్మానికి ఎందుకు ఎక్కువ జాగ్రత్త?

లేజర్ వెతికేది మెలనిన్‌ని. తెల్లవాళ్ల చర్మంలో మచ్చలో మాత్రమే మెలనిన్ ఎక్కువ, పక్కన తక్కువ. మన చర్మంలో మచ్చ పక్కన కూడా మెలనిన్ నిండుగా ఉంటుంది. పవర్ ఎక్కువైతే పక్క చర్మం కూడా కాలుతుంది. కాలిన చోట కొత్త మచ్చ వస్తుంది. ఒక్కోసారి రంగు పోయి తెల్ల చుక్కలు పడతాయి, అవి పోవడం ఇంకా కష్టం.

ఎండకు నల్లబడిన ముఖం మీద ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కాబట్టి తోట పని చేసేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో లేజర్ పెట్టుకోకపోవడమే మేలు. కోతలు అయిపోయి, ఎండ రంగు దిగాక, వానలు పడ్డాక వెళ్లండి. మొదట చెవి పక్కన చిన్నచోట పరీక్షగా చేయించి, కొన్ని వారాలు ఆగి చూడాలి. నికాహ్ రెండు వారాల్లో ఉందనగా కొత్తగా మొదలుపెట్టకూడదు.

క్రీముల సంగతి

లేజర్‌కి డబ్బు లేని ఇళ్లలో మందుల షాపు క్రీము వస్తుంది. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ పేర్లు ట్యూబు మీద ఉంటే అది స్టెరాయిడ్. నాలుగు రోజుల్లో తెల్లగా అనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానేస్తే ముఖం మండిపోతుంది. అందుకే కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది.

పేరు, ఊరు లేని ఫెయిర్‌నెస్ క్రీములు ఇంకా ప్రమాదం. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య తమ దగ్గరికి వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు కేసులను పరిశీలించారు. ఒకే తరహా లక్షణం కనిపించిన 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్టు చెప్పారు. పాదరసం చర్మం గుండా లోపలికి వెళ్లి కిడ్నీని దెబ్బతీసిందని వాళ్లు గుర్తించారు. క్రీము మానేశాక చాలామంది కోలుకున్నారు. గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చిన డబ్బా అయినా సరే, తయారీదారు పేరు, పదార్థాల వివరాలు లేకపోతే ముఖానికి పెట్టకండి.

నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లినా చర్మం కాలి మచ్చ పడుతుంది.

ముందు చేయాల్సింది

ఏ వైద్యం చేయించుకున్నా నీడ లేకపోతే మచ్చ తిరిగొస్తుంది. వెడల్పు అంచు టోపీ, కండువా, దుపట్టా వాడండి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను రెండు వేళ్ల పొడవున తీసుకుని ముఖానికి, మెడకు రాయాలి. మంగు మచ్చలున్నవాళ్లకు లేత రంగు కలిసిన, ఐరన్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ మేలు. రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయమంటారు డాక్టర్లు. వుజూలో ఎలాగూ ముఖం కడుగుతాం కాబట్టి జొహర్ తర్వాత ఒకసారి, ఎండ ఉంటే అసర్ తర్వాత ఒకసారి రాసుకుంటే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. డాక్టర్ మాత్రలు ఇస్తే రంజాన్‌లో సెహ్రీ, ఇఫ్తార్ వేళలకు మార్చవచ్చేమో ముందే అడగండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ విషయం మొదటే చెప్పాలి. కొన్ని పూత మందులు వాళ్లకు ఇవ్వరు.

ఎక్కడికి వెళ్లాలి, ఏం అడగాలి?

ఉంగుటూరు వాళ్లకు చినఅవుటపల్లిలోని పిన్నమనేని సిద్ధార్థ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. ముందు అక్కడ మచ్చ ఏ రకమో చెప్పించుకుంటే, తర్వాత ఎక్కడ చేయించుకున్నా మోసపోరు.

లేజర్ సెంటర్‌కి వెళ్తే ఇవి అడగండి:

చేసేది చర్మవ్యాధుల్లో పీజీ చేసిన డాక్టరా, లేక శిక్షణ తీసుకున్న సిబ్బందేనా? రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?

నా మచ్చ పేరేంటి? లేజర్ లేకుండా తగ్గదా? మళ్లీ వచ్చే అవకాశం ఎంత?

ఏ లేజర్, ఎన్ని నానోమీటర్లు? ముందు చిన్నచోట పరీక్ష చేస్తారా?

కళ్లకు కవచం పెడతారా? లేజర్ కాంతి కంట్లో పడితే చూపు పోవచ్చు కాబట్టి ఇది లేనిచోట కూర్చోకండి.

ఇక డబ్బు సంగతి. ఆరు సిట్టింగులకు ఒకేసారి కట్టకండి, ఈఎంఐ అసలే వద్దు. ఒక్కో సిట్టింగ్‌కి కట్టి, బిల్లు తీసుకుని, ప్రతిసారీ ఒకే వెలుతురులో ఫొటో దిగండి. రెండు మూడు సిట్టింగుల తర్వాత ఫొటోల్లో తేడా లేకపోయినా, నల్లబడినా ఆపేయవచ్చు. ఆరోగ్య బీమాలు అందానికి చేయించుకునే చికిత్సలకు మామూలుగా డబ్బు ఇవ్వవు, అంతా చేతి ఖర్చే.

ఇంకో మాట పెద్దవాళ్లకు. మచ్చ తగ్గించుకోవడం వేరు, రంగు మార్చుకోవడం వేరు. మచ్చ పోతే చర్మం దాని సొంత రంగుకు వస్తుంది, అంతకంటే తెల్లగా అవదు. సంబంధం చూడటానికి వచ్చేవాళ్ల కోసం పిల్లని తెల్లగా చేయమని ఏ డాక్టర్‌నీ అడగకండి. చేస్తామని చెప్పే సెంటర్ కనపడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.