చిన్న టిన్నులో కేకు: ఏ లెక్క ఎంత మారుతుంది?



పిల్లల పుట్టినరోజుకి ఇంట్లోనే కేకు చేసేవాళ్లు మన పేరెంట్స్‌లో చాలామందే ఉన్నారు. కానీ చాలా రెసిపీలు 8 అంగుళాల గుండ్రటి టిన్నుకి రాసినవి. నలుగురున్న ఇంటికి 6 అంగుళాల టిన్ను చాలు. అప్పుడు పిండి ఎంత తగ్గించాలి, టైమ్ ఎంత, వేడి ఎంత? మూడింటినీ సగం చేస్తే కేకు మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. ఏదీ మార్చకపోతే పొంగి టిన్ను దాటుతుంది. పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని ఎదురుచూస్తుంటే మళ్లీ మొదటి నుంచి చేసే వీలుండదు కదా. నిజానికి ఈ మూడూ మూడు వేర్వేరు లెక్కలు.

ముందు పిండి సంగతి. 8 అంగుళాల టిన్నుకి బదులు 6 అంగుళాలది వాడితే ఎంత పిండి కావాలని క్లాసులో అడిగితే, ఎక్కువమంది "ముప్పావు వంతు మిస్" అనేస్తారు. 6 ని 8 తో భాగిస్తే వచ్చేది అదే మరి! కానీ పిండి పరుచుకునేది టిన్ను అడుగు వైశాల్యం మీద. వ్యాసార్థం 4 అంగుళాలైతే 3.14 × 4 × 4, అంటే సుమారు 50 చదరపు అంగుళాలు. వ్యాసార్థం 3 అయితే 3.14 × 3 × 3, సుమారు 28. సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ముప్పావు వంతు పోస్తే పిండి ఉండాల్సిన ఎత్తు కంటే మూడో వంతు పైకి చేరుతుంది. హైస్కూల్ పిల్లలుంటే ఈ లెక్క వాళ్లతోనే చేయించండి. వృత్త వైశాల్యంలో వర్గం ఎందుకు వస్తుందో బోర్డు మీద పది లెక్కలు చేసినా పట్టనిది ఇక్కడ పట్టుకుంటారు.

రెసిపీలో 4 గుడ్లుంటే అన్నీ సగం చేసి 2 గుడ్లు వేయండి. కేకు ఎత్తు కాస్త తగ్గుతుంది, ఎవరూ గమనించరు. 3 గుడ్లుంటే 2 గుడ్లు తీసుకుని, మిగతావన్నీ మూడింట రెండు వంతులు వేయండి. టిన్ను మూడింట రెండు వంతులు నిండగానే ఆపి, మిగిలిన పిండిని కప్ కేకులుగా వేయండి.

ఇక టైమ్. దీనికి మన వంటింట్లోనే మంచి ఉదాహరణ ఉంది. మినప్పిండి, ఇడ్లీ రవ్వ కలిపిన పిండిని ఇడ్లీ రేకుల్లో పెడితే 10-12 నిమిషాల్లో ఉడుకుతుంది. అదే దిబ్బరొట్టె వేస్తే, మూత పెట్టి సన్నని సెగ మీద 20 నిమిషాలకు పైనే ఆగాలి. వేడి పైనుంచీ పక్కలనుంచీ నడుచుకుంటూ మధ్యకి చేరాలి కాబట్టి, ఎంత పిండి ఉందన్న దానికంటే ఎంత మందంగా ఉందన్నదే ముఖ్యం. కేకూ అంతే. పిండి ఎత్తు మారకుండా టిన్ను మాత్రమే చిన్నదైతే టైమ్ సగం కాదు, కొద్దిగానే తగ్గుతుంది. 8 అంగుళాల కేకుకి 35-40 నిమిషాలు రాసి ఉంటే, 6 అంగుళాలదాన్ని 25వ నిమిషం నుంచి చూడడం మొదలుపెట్టండి. కప్ కేకులకు దాదాపు 18-20 నిమిషాలు చాలు.

వేడి విషయంలో అనవసరంగా చేయి పెట్టేస్తుంటాం. చిన్న కేకు కదా అని 180 డిగ్రీలను 150 చేస్తే లోపల ఆరిపోతుంది, సరిగ్గా పొంగదు. పిండి ఎత్తు అంతే ఉంటే 180 ని కదపకండి. తగ్గించాల్సింది వేరే సందర్భాల్లో. టిన్ను ఇరుకుగా, లోతుగా ఉండి పిండి మందంగా పడితే 160-165 కి తగ్గించి, ఎక్కువసేపు ఉంచాలి. లేకపోతే అంచులు ముందే గట్టిపడి, మధ్యలో పిండి ఇంకా పొంగుతూ పైభాగాన్ని పగలగొడుతుంది. నల్ల టిన్ను వేడిని ఎక్కువ లాగుతుంది, 10-15 డిగ్రీలు తగ్గించండి. ఓటీజీకి రాసిన రెసిపీని ఫ్యాన్ తిరిగే కన్వెక్షన్ ఓవెన్‌లో చేస్తే సుమారు 20 డిగ్రీలు తగ్గించాలి. చిన్న ఓటీజీల్లో పై రాడ్ కేకుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి టిన్నును కింది అరలో పెట్టండి. రంగు త్వరగా వచ్చేస్తే పైన ఫాయిల్ కప్పండి. అన్నట్టు, ఒక 8 అంగుళాల కేకు పిండి రెండు 6 అంగుళాల టిన్నులకు సరిపోతుంది. రెండూ ఓవెన్‌లో ఒకేసారి పడతాయో లేదో ముందే చూసుకోండి. ముఖ్యంగా పెరుగు, వంటసోడా వేసిన ఎగ్‌లెస్ పిండిని బయట ఆపితే బుడగలు పోయి రెండో కేకు దిమ్మలా వస్తుంది.

ఏ లెక్క వేసినా చివరికి నమ్మాల్సింది కేకునే. ముప్పావు టైమ్ దాకా తలుపు తీయకండి. తర్వాత మధ్యలో టూత్‌పిక్ గుచ్చితే తడి పిండి అంటకూడదు. వేలితో నెమ్మదిగా నొక్కితే మళ్లీ పైకి లేవాలి. తడి అంటితే ఇంకో 4-5 నిమిషాలు లోపలే ఉంచండి. గుడ్డు, మైదా ఉన్నాయి కాబట్టి పచ్చి పిండిని పిల్లలకు పెట్టకూడదు. టిన్ను బయటికి తీసే పని మాత్రం పెద్దవాళ్లదే.

తీశాక 10 నిమిషాలు ఆగి టిన్నులోంచి బోర్లించండి. చిన్న కేకు త్వరగా చల్లారుతుంది, అంతే త్వరగా ఎండిపోతుంది కూడా. పూర్తిగా చల్లారగానే క్రీమ్ రాసేయండి, లేదా మూత ఉన్న డబ్బాలో పెట్టండి.