ఈ విండో ఎవరిది?

హెర్న్‌డన్‌కూ బ్రౌజర్‌కూ పాత చుట్టరికమే. 1998 నవంబరులో నెట్‌స్కేప్‌ను కొంటున్నట్టు ప్రకటించిన ఏఓఎల్ అప్పట్లో మాకు పక్కనే, డల్లెస్‌లో ఉండేది. ఆ బ్రౌజర్‌కు సపోర్ట్ 2008 మార్చి 1తో ఆగిపోయింది. ఏఓఎల్ ప్రధాన కార్యాలయమూ న్యూయార్క్ వెళ్లిపోయింది. డేటా సెంటర్లు, ప్రభుత్వ కాంట్రాక్టులు, వాటిని నమ్ముకుని వచ్చిన మనవాళ్లు మాత్రం ఇక్కడే స్థిరపడ్డారు. ఈ చుట్టుపక్కల ఏ తెలుగువారి టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లోకి దిగినా ఒక బల్ల, దాని మీద రెండో మూడో మానిటర్లు, వాటి నిండా లెక్కలేనన్ని ట్యాబులు కనిపిస్తాయి.

విండోస్‌లో ఒకటికి మించి తెరలు వాడుకునే వీలు విండోస్ 98 నాటి నుంచే ఉంది. మన ఇళ్లలోకి అవి బారులు తీరి వచ్చింది మాత్రం 2020లో, ఆఫీసు ఇంటికొచ్చినప్పుడు. ఇప్పుడు వారంలో కొన్ని రోజులు మళ్లీ ఆఫీసు. 2022 నవంబరు 15న సిల్వర్ లైన్ మెట్రో హెర్న్‌డన్ దాకా వచ్చాక ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని రైలెక్కేవాళ్లు ఉన్నారు. డాక్ నుంచి ల్యాప్‌టాప్ తీయగానే మూడు తెరల్లోని విండోలన్నీ వచ్చి ఒక్క తెర మీద పడతాయి. మర్నాడు ఇంట్లో మళ్లీ తగిలిస్తే ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి.

దీనికి చాలామంది చెప్పే వైద్యం ఒకటే. ఎడమ తెర మీద మెయిల్, మధ్యలో పని, కుడివైపు చాట్. వినడానికి బాగానే ఉంటుంది కానీ బ్రౌజర్ దగ్గర ఈ లెక్క నిలవదు. అది ఒక పనిముట్టు అయితే కదా! ఆఫీసు టికెట్లు, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ స్కూళ్ల పేరెంట్‌వ్యూ, ఊళ్లో పొలం అడంగల్ చూసుకునే మీ భూమి, నాన్నగారి షుగర్ రిపోర్టు, అన్నీ ఆ ఒక్క గోనెసంచిలోనే. అందుకే ఏ విండో ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న తర్వాత. ముందు తేలాల్సింది ఆ విండో ఎవరిదన్నది. మా ఇంట్లో నేను మూడు రకాలుగా విడదీశాను: ఆఫీసుది, ఇంటిది, ఊరిది.

ఇందులో ఆఫీసుది మాత్రం తెరతో తీరే వ్యవహారం కాదు. అది వేరే కంప్యూటర్‌లోనే ఉండాలి. మన బల్లల మీద తరచూ రెండు ల్యాప్‌టాప్‌లు అవే మానిటర్లను పంచుకుంటాయి. బటన్ నొక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి మారే కేవీఎం స్విచ్ మధ్యలో ఉంటుంది. తెర అదే, కీబోర్డు అదే కాబట్టి ఏ యంత్రంలో ఉన్నామో మనసుకు పట్టదు. ఆఫీసు ల్యాప్‌టాప్ ఎదురుగా ఉంది కదా అని ఇమిగ్రేషన్ కాగితాలు, టాక్స్ ఫైళ్లు, బ్యాంకు పాస్‌వర్డులు దాని బ్రౌజర్‌లోనే చేరిపోతాయి.

ఆష్‌బర్న్‌లో ఉండే నాకు తెలిసిన ఒకాయనకు ఒక ఉదయం పదిహేను నిమిషాల మీటింగ్ పెట్టారు. అది ముగిసేసరికి ల్యాప్‌టాప్ లాక్ అయింది. ఆయన ఐ-797 కాపీలు, పే స్టబ్‌లు, ఐ-140 వివరాలు, లాయరుతో నడిచిన మెయిళ్లు, అన్నీ అందులోనే. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిస్తే ఇంకా తక్కువ. కొత్త కంపెనీ ముందుగా అడిగేది ఆ కాగితాలనే. ఆయనకు అవి చేతికి రావడానికే రెండు వారాలు పట్టింది. ఇంట్లో ఎవరూ నిద్రపోని రెండు వారాలు అవి.

ఇన్‌కాగ్నిటో విండో తెరుచుకుంటే చాలదా అంటారు కొందరు. అది ఆ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుందంతే. కంపెనీ నిఘాకు అది అడ్డు కాదు. స్క్రీన్ షేరింగ్‌లో అయితే నిఘా కూడా అక్కర్లేదు. తెర మొత్తం పంచుకుంటే వీసా కేసు స్టేటస్ పేజీ నుంచి బావమరిది వాట్సాప్ జోకు దాకా అందరికీ దర్శనమే. ఒక్క విండోను మాత్రమే షేర్ చేసే అలవాటు మంచిది. మీటింగుకు ఆ విండోలో ఒక్కటే ట్యాబ్ ఉంటే మరీ మంచిది.

ఇక సొంత కంప్యూటర్ సంగతి. క్రోమ్‌లో ట్యాబుల వరుస పక్కన ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే విండోకు పేరు పెట్టే వీలుంది. నేను తెలుగులోనే ‘ఇల్లు’, ‘ఊరు’ అని పెట్టుకున్నాను. దారి తప్పిన ట్యాబును పట్టి లాగి దాని విండోలో వదిలితే సరి. విండోస్ కీ, షిఫ్ట్ కలిపి పట్టుకుని పక్క బాణం నొక్కితే విండో మొత్తం పక్క మానిటర్‌కు వెళ్తుంది. విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద, మానిటర్ మళ్లీ తగిలించినప్పుడు విండోలు తమ చోటికి చేరేలా ఒక టిక్కు ఉంది. అది పెట్టి ఉందో లేదో చూసుకోండి. మ్యాక్ వాడేవాళ్లు స్పేసెస్ వాటంతటవే స్థానాలు మార్చుకునే సెట్టింగ్‌ను ఆపేస్తే సగం చిరాకు తగ్గుతుంది.

‘ఊరు’ విండో చోటు విషయంలో మాత్రం నాకు పట్టింపు ఉంది. అమ్మానాన్నలతో వీడియో మాట్లాడేటప్పుడు వాళ్ల ముఖాలు పెద్దగా కనిపిస్తాయని ఇరవై ఏడు అంగుళాల మానిటర్ మీద పెట్టుకుంటారు చాలామంది. కెమెరా ఏమో పక్కన ల్యాప్‌టాప్ మీద ఉంటుంది. అవతలి వాళ్లకు కనిపించేది కొడుకు చెంప, కూతురి చెవి. ‘పనిలో ఉన్నట్టున్నావు, పెట్టేస్తాలే’ అనేస్తారు పెద్దవాళ్లు. మోకాలి నొప్పి సంగతి, మాత్రలు అయిపోయిన సంగతి చెప్పకుండానే. ఆ విండోను చిన్నది చేసి, ల్యాప్‌టాప్ తెర పైఅంచున, సరిగ్గా కెమెరా కింద పెట్టండి. కళ్లలోకి చూస్తున్నట్టే ఉంటుంది. రిపోర్టులు, మందుల చీటీ పెద్ద తెర మీద తెరిచి ఉంచుకోవచ్చు. అవి చదవాలి కదా.

మా ఇంట్లో ఆ విండో తెరుచుకునేది రాత్రి ఎనిమిదిన్నరకు. వేసవిలో అప్పుడు అక్కడ ఉదయం ఆరు, అమ్మ ఇంకా పాలు కాస్తూ ఉంటుంది. నవంబరులో ఇక్కడి గడియారాలు గంట వెనక్కి జరిగాక ఏడవుతుంది. కాఫీ తాగడం అయిపోయి, తీరిగ్గా కూర్చుని ఉంటుంది.