పద్నాలుగు పాదాల వెనుక పదిహేడేళ్లు

న్యూయార్క్‌లోని స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి కవిత్వంలో చిరునామా ఇచ్చింది ఎమ్మా లాజరస్ రాసిన పద్నాలుగు పాదాల సానెట్, 'ది న్యూ కొలోసస్'. ఆమె 1849లో అదే నగరంలో, చక్కెర వ్యాపారంలో బాగా గడించిన యూదు కుటుంబంలో పుట్టింది. గ్రీకు పురాణాలతో, జర్మన్ కవిత్వంతో పొద్దుపుచ్చిన కలవారి అమ్మాయి, 1881లో రష్యాలో యూదుల మీద దాడులు మొదలవగానే ఉన్నట్టుండి తన జాతిని తలుచుకుందని చాలామంది చెబుతారు. వినడానికి బాగున్నా, ఆమె రచనల తేదీలు ఈ కథకు ఒప్పుకోవు.

తొలి సంపుటిని 1866లో తండ్రే అచ్చువేయించాడు. మరుసటి ఏడాదే ఆమె న్యూపోర్ట్‌లోని పాత యూదు ప్రార్థనా మందిరం మీద కవిత రాసింది. ఆ ఊరి యూదుల శ్మశానం మీద అంతకుముందు రాసిన అమెరికన్ కవి లాంగ్‌ఫెలో, పోయిన జాతులు తిరిగి లేవవని తేల్చేశాడు. ఆ మందిరం ఇప్పటికీ పవిత్రమేనన్నది ఎమ్మా జవాబు. 1879లో ఇబ్న్ గబిరోల్, యూదా హలేవీ వంటి మధ్యయుగపు హీబ్రూ కవులను జర్మన్ మీదుగా ఇంగ్లిష్‌లోకి తెచ్చింది. కాబట్టి దాడులు ఆమెకు ఇచ్చింది కొత్త వస్తువు కాదు, ఆగలేని తొందర. న్యూయార్క్‌లోని వార్డ్స్ ద్వీపంలో, ఆ దాడుల నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల అవస్థ చూసింది. 1882లో సెంచురీ పత్రికలో వచ్చిన యూదు వ్యతిరేక వ్యాసానికి మరుసటి నెలే బదులిచ్చింది. 'సాంగ్స్ ఆఫ్ ఎ సెమైట్' వెలువడిందీ ఆ ఏడాదే.

తొలి రచనల్లో పస లేదు కాబట్టే అమెరికన్ రచయిత ఎమర్సన్ తన 1874 సంకలనం 'పర్నాసస్'లో ఆమెకు చోటివ్వలేదని కొందరు అనవచ్చు. వాటిలో చాలావరకు అరువు గొంతే వినిపిస్తుందన్నది నిజం. అయితే ఆ గ్రీకు, జర్మన్ చదువు వృథా పోలేదు. 1883లో విగ్రహ పీఠానికి విరాళాలు పోగుచేసేందుకు కవిత కావాలని అడిగితే, అడిగినప్పుడల్లా రాయలేనని ఆమె మొదట నిరాకరించింది. శరణార్థులను గుర్తుచేశాకే కలం పట్టింది. అడిగి రాయించుకున్నదని ఆ సానెట్‌ను తేలిగ్గా తీసేసేవారు దాని నిర్మాణం చూడాలి. ప్రాచీన గ్రీకుల రోడ్స్ విగ్రహాన్ని కాదని, కొత్త విగ్రహాన్ని నిరాశ్రయులకు తల్లిగా నిలబెట్టింది. పడుచుతనపు గ్రీకు చదువూ తరువాతి యూదు వేదనా కలిసింది అక్కడే. ఒకటి లేకుండా రెండోదానితో ఆ పని జరిగేది కాదు.

1886లో విగ్రహావిష్కరణ నాడు ఆ సానెట్‌ను ఎవరూ చదవలేదు. మరుసటి ఏడాది 38 ఏళ్లకే ఎమ్మా కన్నుమూసింది. స్నేహితురాలు జార్జినా స్కైలర్ పూనికతో 1903లో ఆ సానెట్ కంచు ఫలకం మీదికెక్కింది. ఫలకం ఆమె పేరును నిలిపింది, మిగతా రచనలను మాత్రం మరుగున పడేసింది. ఆ సానెట్‌ను మెచ్చుకునేవారు న్యూపోర్ట్ కవితనూ హీబ్రూ కవుల అనువాదాలనూ కూడా చదవాలి. లేకపోతే మనకు తెలిసేది ఫలకమే, కవయిత్రి కాదు.