నెత్తురు బాగనే ఉందన్నరు, గుమ్మి మాత్రం ఖాళీ

మా అక్క కొంగుల ఎప్పుడూ పిడికెడు బియ్యం ఉండేవి. బట్టలు పిండుకుంట, టీవీ సూసుకుంట బుక్కేది. పత్తి చేన్ల నాలుగు సాళ్లు ఏరంగనే కూసునేది. "ఒళ్లు వంగది, బద్దకం" అని ఇంట్ల అందరం అన్నోళ్లమే. నేను గూడ అన్న. ఒకపారి దవాఖానల వేలికి సూది గుచ్చి నెత్తురు సూసిన్రు. హిమోగ్లోబిన్ 12.2 వచ్చింది. కడుపుతోని లేని ఆడోళ్లకు 12 ఉంటే రక్తహీనత లేనట్టే లెక్క. "నెత్తురు బాగనే ఉంది, పో" అన్నరు. మా మాటకు సాక్ష్యం దొరికినట్టయింది.

ఆరు నెలలకు జుట్టు ఊడుతుందని వేరే డాక్టరమ్మ దగ్గరికి తోల్కపోయిన. ఆమె అడిగిన మొదటి మాట: "బియ్యం, మట్టి, బలపం ఏమన్న తింటవా?" అక్క తల వంచుకుంది. ఫెర్రిటిన్ పరీక్ష రాసింది. 6 వచ్చింది.

అప్పుడు నాకు సమజైన ముచ్చట ఇది. ఇంట్ల గుమ్మి అడుగంటినా కొన్ని రోజులు కంచంల బువ్వకు లోటు రాదు. హిమోగ్లోబిన్ అంటే కంచంల బువ్వ. ఫెర్రిటిన్ అంటే గుమ్మిల మిగిలిన ఒడ్లు. ఐరన్ తక్కువైతే ముందుగాల గుమ్మే ఖాళీ అయితది, బువ్వ తగ్గుడు ఆఖరుకు. పెద్దోళ్లకు ఫెర్రిటిన్ 15 కంటే తక్కువుంటే గుమ్మి ఖాళీ అన్నట్టే. చానామంది డాక్టర్లు 30 లోపున్నా తక్కువనే అంటరు.

రిపోర్టుల సీరం ఐరన్ అని ఇంకోటుంటది. అది తొవ్వ మీద పోతున్న బండ్లల్ల ఒడ్ల అసోంటిది. పొద్దున ఒక తీరు, మాపటికి ఒక తీరు. గోలీ ఏసుకొని పోతే పెరిగినట్టు కనిపిస్తది. అదొక్కటే సూసి ఏం తేల్చరాదు. టీఐబీసీ అంటే బండ్లన్నీ కలిసి ఎంత మోయగలవో ఆ లెక్క. గుమ్మి ఖాళీ అయితే ఒళ్లు ఇంకిన్ని బండ్లు కడ్తది, అందుకే ఐరన్ తక్కువున్నోళ్లకు టీఐబీసీ పెరుగుతది. ఆ బండ్లు నూటికి ఎంత నిండినయో చెప్పేది ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్. 20 లోపుంటే లోపం ఉందేమోనని, 45 దాటితే ఐరన్ ఎక్కువైందేమోనని సూడాలె.

ఫెర్రిటిన్ గూడ ఒక్కోపారి అబద్ధమాడుతది. జ్వరం, కీళ్లవాతం, కాలేయం జబ్బు ఉంటే లోపల ఐరన్ లేకున్నా అది పెరిగి కనిపిస్తది. అందుకే ఒంట్ల వాపు, ఇన్ఫెక్షన్ ఉన్న పెద్దోళ్లకు 15 కాదు, 70 లోపుంటే లోపమనుకోవాలె అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ల చెప్పింది. జ్వరమొచ్చి తగ్గిన తెల్లారే పరీక్షకు ఉరకకుర్రి.

పెండ్లి కావలసినోళ్లు ఇది యాదిపెట్టుకోండ్రి. హిమోగ్లోబిన్ తక్కువుండి, ఎర్రకణాలు చిన్నగుండి, ఫెర్రిటిన్ మాత్రం మంచిగుంటే తలసీమియా వాహకులు కావచ్చు. దానికి ఐరన్ గోలీలు మందు కాదు. హెచ్‌బీఏ2 పరీక్ష వేరే ఉంటది. ఇక మొగపిలగాండ్లకు ఫెర్రిటిన్ తగ్గితే గోలీలతోనే సరిపెట్టద్దు. పేగులల్ల ఎక్కడన్న నెత్తురు పోతుందేమో సూపించుకోవాలె.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అది మస్తు పెద్ద లెక్కనే. కానీ అక్కడ కొలిచింది వేలి నెత్తుట్ల హిమోగ్లోబిన్ ఒక్కటే. గుమ్మి ఖాళీ అయి కంచం ఇంకా నిండుగున్న మా అక్క అసోంటోళ్లు ఆ లెక్కల రారు. అలిసిపోతున్నమని వచ్చిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ సూసి పంపుడు సగం పనే అని నేనంట.

అక్కకు నెలనెలా నెత్తురు ఎక్కువ పోతుండె. ఆ సంగతి గూడ డాక్టరమ్మ అడిగితేనే బయటపడ్డది. గోలీ నిమ్మకాయ నీళ్లతోని, చాయ్ మాత్రం రెండు గంటలు ఆగినంక. దొడ్డికి నల్లగ వస్తే భయపడద్దన్నది. నాలుగు నెలలకు ఫెర్రిటిన్ 31 అయింది, గోలీలు ఇంకా ఆపలేదు. మొన్న బియ్యం చెరుగుతుంటే సూసిన, ఒక్క గింజ నోట్లెకు పోలేదు.