ఆవర్జాకెక్కని రాత్రి

పోయిన నెల నిజామాబాద్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. “మా ఆయన తాగొచ్చిన రాత్రి నోటికొచ్చినట్టు మాట్లాడతాడు. సోయిలోనే ఉంటాడు. అన్నం తింటాడు, టీవీ చానల్ మారుస్తాడు, ఫోన్లో వాళ్ల అన్నతో గొడవ పెట్టుకుంటాడు. పొద్దున అడిగితే ‘నేనా? ఎప్పుడు?’ అంటాడు. ముఖం చూస్తే నటనలా అనిపించదు. ఇది నిజమా, అబద్ధమా?” ఈ నెలకు వేరే వ్యాసం అనుకున్నాను గానీ, ఇది చదివాక మనసు ఇంకోదాని మీదికి పోలేదు. మెదడు శాస్త్రంలో ఇంత చక్కటి జవాబున్న ప్రశ్నలు అరుదు.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. తాగి ఒళ్లు తెలియకుండా పడిపోవడం వేరు, బ్లాకౌట్ వేరు. బ్లాకౌట్‌లో ఉన్న మనిషి మెలకువగానే ఉంటాడు. మాట్లాడతాడు, బిల్లు కడతాడు, బండి కూడా నడుపుతాడు. తాగాడని ఎదుటివాళ్లకు తెలుస్తుంది గానీ, అతని జ్ఞాపకం ఆగిపోయిందని తెలియదు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో ముక్కలు ముక్కలుగా గుర్తుంటుంది, ఎవరైనా ఒక మాట అందిస్తే ఇంకొంచెం గుర్తొస్తుంది. రెండోదాంట్లో కొన్ని గంటల కాలం మొత్తంగా పోతుంది, ఎవరెంత చెప్పినా తిరిగి రాదు. ఈ రెండింటినీ 1969లో విడదీసి చూపినవాడు అమెరికాలోని సెయింట్ లూయీస్‌లో పనిచేసిన మానసిక వైద్యుడు డోనాల్డ్ గుడ్విన్. మద్యానికి బానిసలై ఆసుపత్రిలో చేరిన 100 మందితో మాట్లాడితే, 64 మంది తమకు బ్లాకౌట్ అనుభవం ఉందన్నారు.

మాటలతో గుడ్విన్‌కు తృప్తి కలగలేదు. 1970లో ఉపాధి కార్యాలయం ద్వారా పది మంది మగవాళ్లను పిలిపించి, నాలుగు గంటల్లో ఒక్కొక్కరికి సుమారు అర లీటరు బర్బన్ విస్కీ తాగించాడు. ఇవాళ ఏ నైతిక సంఘమూ అలాంటి ప్రయోగానికి అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. తాగుతున్నవాళ్లకు ఆట బొమ్మలు చూపించేవారు, సినిమా దృశ్యాలు చూపించేవారు. రెండు నిమిషాలాగి ఒకసారి, అరగంటకు ఇంకోసారి, మర్నాడు మత్తు దిగాక మరోసారి ఏం చూశారని అడిగేవారు. రెండు నిమిషాల తర్వాత దాదాపు అందరూ చెప్పగలిగారు. అరగంటకు సగం మందికి బొమ్మల సంగతే కాదు, బొమ్మలు చూపించారన్న సంగతే లేదు. మర్నాడూ అంతే. అలాంటి మరో పరీక్షలో గుడ్విన్ చేతిలో పెద్ద మూకుడు పట్టుకుని, ఆకలిగా ఉందా అని అడిగి, ఇందులో ఉన్నవి చచ్చిన ఎలుకలు అని చెప్పేవాడు. మామూలుగా అయితే జన్మలో మరిచిపోలేని మాట అది. అరగంటకల్లా అదీ పోయింది.

కొత్త మాట కాసేపు నిలిచింది. పాత జ్ఞాపకాలు, అంటే తన పేరు, ఇంటి దారి, అన్నతో ఉన్న పాత కక్ష, అన్నీ పదిలంగా ఉన్నాయి. చెడింది వాటి మధ్యనున్న బదిలీ ఒక్కటే. మన పాత దుకాణాల్లో రోజువారీ లావాదేవీ చిట్టాలో రాసి, తర్వాత ఆవర్జాకు ఎక్కించేవారు. బ్లాకౌట్‌లో చిట్టా రాయడం ఆగదు, ఆవర్జాకు ఎక్కించడం ఆగుతుంది. చిట్టాలోది కొద్ది నిమిషాల్లో చెరిగిపోతుంది. కాబట్టి ఆ భర్త మరిచిపోయాడనడం కూడా సరికాదు. ఆ రాత్రి అతని మెదడులో జ్ఞాపకంగా ఎన్నడూ రాసి లేదు.

ఆ ఎక్కించే పని చేసేది హిప్పోకాంపస్ అనే భాగం. కణతల లోపలి వైపు, ఎడమా కుడీ ఒక్కొక్కటి ఉంటుంది. 1953లో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మోలెయిసన్ అనే యువకుడికి ఆపరేషన్ చేసి రెండు వైపులా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త సంఘటనలు గుర్తుండలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన మీద చేసిన అధ్యయనాలతోనే హిప్పోకాంపస్ చేసే ఈ పని లోకానికి తెలిసింది. బ్లాకౌట్‌లో ఉన్న మనిషి కొన్ని గంటల పాటు మోలెయిసన్ స్థితిలో ఉంటాడు.

ఇక నాకు ప్రాణమైన భాగం. హిప్పోకాంపస్‌లో ఒక కణం నుంచి మరో కణానికి సంకేతం పదే పదే వేగంగా వెళితే, వాటి మధ్య సంధి బలపడి, ఆ బలం గంటల తరబడి, రోజుల తరబడి నిలుస్తుంది. 1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేళ్ల మెదడులో దీన్ని చూపించారు. దీనికి ఎల్‌టీపీ అని పేరు. కొత్త జ్ఞాపకానికి పునాది ఇదే. ఈ బలపడే పనికి తాళంచెవి ఎన్‌ఎండీఏ గ్రాహకం అనే ప్రోటీన్ దగ్గర ఉంటుంది. దాని గొప్పతనం ఏమిటంటే ఒక్క సంకేతానికి తెరుచుకోదు. గ్లూటమేట్ అనే రసాయనం వచ్చి అతుక్కున్నా, నడిమి రంధ్రంలో ఒక మెగ్నీషియం అయాను అడ్డంగా ఉంటుంది. సంకేతం అందుకునే కణం కూడా అదే క్షణంలో ఉత్తేజితమై ఉంటేనే మెగ్నీషియం తొలగుతుంది, కాల్షియం లోపలికి పారుతుంది, సంధి బలపడుతుంది. అంటే పంపిన కణం, అందుకున్న కణం రెండూ ఒకేసారి మేలుకుని ఉన్నాయని ఈ ఒక్క ప్రోటీన్ కనిపెడుతుంది! ఫలానా మనిషి ఫలానా చోట ఫలానా మాట అన్నాడని కలిపి గుర్తుంచుకోవడానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నాకు తెలిసి జీవశాస్త్రంలో లేదు.

ఆల్కహాల్ దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే. 1989లో లవింజర్ బృందం హిప్పోకాంపస్ కణాల్లో ఎన్‌ఎండీఏ గ్రాహకాల గుండా పారే విద్యుత్తును ఆల్కహాల్ తగ్గిస్తుందని తేల్చింది. మెదడును నెమ్మదింపజేసే గాబా గ్రాహకాల పనిని అది పెంచుతుందని కూడా తెలుసు. చాలామంది కథ అంతటితో అయిపోయిందనుకున్నారు. కానీ లెక్క కుదరలేదు. ఆల్కహాల్ ఆ గ్రాహకాలను కొంతమేరకే అడ్డుకుంటుంది. మరి ఎల్‌టీపీ ఆగిపోవడమేమిటి?

దీనికి జవాబు 2011లో మళ్లీ సెయింట్ లూయీస్ నుంచే, గుడ్విన్ ఒకప్పుడు పనిచేసిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచే వచ్చింది. ఇజుమి, జోరుమ్‌స్కీ బృందం ఎలుకల హిప్పోకాంపస్ పలచటి ముక్కల మీద ఆల్కహాల్ పోసి చూసింది. ఆల్కహాల్ కొన్ని ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మూస్తూనే, మరికొన్నిటిని తట్టి లేపుతోంది. అలా లేచినవాటి వల్ల నాడీకణాలు తమలో తామే ఒక రకం స్టెరాయిడ్లు తయారు చేసుకుంటున్నాయి. ఆ స్టెరాయిడ్లు గాబా పనిని ఇంకా పెంచి ఎల్‌టీపీని ఆపేస్తున్నాయి. స్టెరాయిడ్ తయారీని అడ్డుకునే మందు ముందుగా ఇస్తే, ఆల్కహాల్ ఉన్నా ఎల్‌టీపీ జరిగింది. అంటే ఆవర్జా మూతపడడంలో కణం కూడా పాలుపంచుకుంటోంది. వాళ్లు వాడిన ఆల్కహాల్ గాఢత లీటరుకు 60 మిల్లీమోల్స్. రక్తం లెక్కలోకి మార్చితే దాదాపు 0.28 శాతం. గుడ్విన్ ప్రయోగంలో బ్లాకౌట్ వచ్చినవాళ్ల రక్తంలో సగటున చేరిన గరిష్ఠ స్థాయి కూడా సుమారు 0.28 శాతమే.

ఆ మందు బట్టతలకు వాడే ఫినాస్టెరైడ్ తరగతిది. తాగేముందు వేసుకుంటే సరిపోతుందా అని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. సరిపోదు. అది ఎలుక మెదడు ముక్క మీద జరిగిన ప్రయోగం. ఇంత గొప్ప పరిశోధన విని ఆ ప్రశ్న వేయడం నాకు బాధ కలిగిస్తుంది.

పొరబడినవాళ్ల గురించి కూడా చెప్పాలి. బ్లాకౌట్‌లో మెదడు కణాలు చచ్చిపోతాయని చాలామంది నమ్మకం. కణాలు చావనక్కర లేదు, కొన్ని గంటలు ఆ పని మానేస్తే చాలు. ఏళ్ల తరబడి తాగి, థయమిన్ విటమిన్ లోపించి వచ్చే కోర్సకాఫ్ మతిమరుపు వేరే జబ్బు. చాప్లిన్ 1931 నాటి ‘సిటీ లైట్స్’ చూసినవాళ్లు మళ్లీ తాగితే గుర్తొస్తుందనుకుంటారు. అందులో కోటీశ్వరుడు తాగినప్పుడే చాప్లిన్‌ను గుర్తుపడతాడు. మత్తులో నేర్చుకున్నది మత్తులో కొంచెం మెరుగ్గా గుర్తొస్తుందని గుడ్విన్ కూడా చూపించాడు. కానీ మొత్తం బ్లాకౌట్‌లో రాసిందే లేదు కాబట్టి ఇంకో పెగ్గుతో వచ్చేదీ లేదు.

అందరికన్నా పెద్ద పొరపాటు మద్యపాన పరిశోధకుడు జెల్లినెక్‌ది. తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సభ్యుల నుంచి వచ్చిన జవాబుల్లో ఆడవాళ్లవి పక్కనపెట్టి, 98 మంది మగవాళ్ల జవాబులతో 1946లో పత్రం రాశాడు. బ్లాకౌట్ అంటే వ్యసనానికి తొలి గుర్తు అని అక్కడి నుంచే స్థిరపడింది. దానివల్ల వ్యసనం లేనివాళ్లకు బ్లాకౌట్ రాదనే ధైర్యం పుట్టింది. 2002లో ఏరన్ వైట్ బృందం అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 772 మంది విద్యార్థులను అడిగితే, మద్యం ముట్టినవాళ్లలో 51 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు బ్లాకౌట్ అయింది. అమ్మాయిలు తక్కువే తాగినా వాళ్లకూ అబ్బాయిలంత తరచుగానే అయింది.

మొత్తం తాగిన దానికన్నా రక్తంలో ఆల్కహాల్ ఎంత వేగంగా పెరిగింది అన్నదే ముఖ్యం. స్థాయి 0.16 శాతం దాటితే ప్రమాదం బాగా పెరుగుతుంది. మన మోటారు వాహనాల చట్టం పరిమితి 0.03. స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ సూత్రంతో లెక్కేస్తే, 42.8 శాతం విస్కీ క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, 60 కిలోల మగవాణ్ని ఖాళీ కడుపున గంటలోపే సుమారు 0.13 దాకా తీసుకెళ్లగలదు. ఇంకో నైంటీ పడితే 0.16 దాటిపోతాడు. 50 కిలోల ఆడమనిషి అయితే ఒక్క క్వార్టర్‌తోనే దాటుతుంది.

మన దగ్గర “ఎంత తాగినా తొణకడు” అని కొందరి గురించి గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాటే నాకు భయం. మామూలు మనిషికి కాళ్లు తడబడడం, నిద్ర ముంచుకురావడం లాంటివి ఇక చాలని చెప్తాయి. అవి ఆలస్యంగా వచ్చేవాడు గ్లాసు దించడు, హిప్పోకాంపస్ మూతపడే స్థాయికి మెలకువగానే చేరతాడు. శాన్ డియాగోలో మానసిక వైద్యుడు మార్క్ షుకిట్ మద్యపాన వ్యసనపరుల కొడుకులను సుమారు పదేళ్లు గమనించి 1994లో ఫలితం చెప్పాడు. మద్యానికి ఒళ్లు తక్కువగా స్పందించినవాళ్లలో 56 శాతం మంది వ్యసనంలో పడ్డారు, బాగా స్పందించినవాళ్లలో 14 శాతమే. ఇక బ్లాకౌట్ విషయానికొస్తే, ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడంలో దాదాపు సగం తేడాకు జన్యువులే కారణమని ఆస్ట్రేలియా కవలల అధ్యయనం చెప్పింది.

మీ ప్రాంతానికి సంబంధించి ఇంకోటి చెప్పాలమ్మా. తెలంగాణలో కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం కలుపుతూ పట్టుబడ్డ కేసులు ఎన్నో ఉన్నాయి. అవి కూడా గాబా మీద పనిచేసే మందులే, మద్యం లేకుండా విడిగా కూడా జ్ఞాపకాన్ని ఆపగలవు. కల్లే కదా అనుకోకండి.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మీ ఆయన అబద్ధం చెప్పకపోవచ్చు. ఆ రాత్రిని ఆయన చేత గుర్తు చేయించాలని ప్రయత్నించకండి, లేనిది రాదు. పదే పదే చెప్తే మీరు చెప్పిందే తన జ్ఞాపకం అనుకునే ప్రమాదం కూడా ఉంది. అయితే గుర్తులేకపోవడం తప్పు చేయకపోవడం కాదు. తనంతట తాను తాగినవాడికి మత్తును మినహాయింపుగా మన చట్టం ఒప్పుకోదు, మీరూ ఒప్పుకోనక్కర లేదు. ఈ వ్యాసం ఆయనకు మత్తు లేని పూట చదివి వినిపించండి. మానాలనుకుంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయమనండి, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఆయన చేయకపోతే మీరైనా చేయండి.