అద్దం మీది చీటీ

బయలుదేరే మనిషిని “ఎక్కడికి?” అని అడగరాదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. కాని అడగకుండానే మన రాకపోకలను వ్రాసిపెట్టే సాధనమొకటి కారు అద్దానికి అంటుకొని ఉన్నది. అదే ఫాస్టాగ్ చీటీ.

విరుదునగరం నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి పెళ్ళిపిలుపులకు పోయేవారికి ఎట్టూర్‌వట్టం టోల్‌గేటు తెలియనిది కాదు. బండి కాస్త నెమ్మదిస్తుంది, అడ్డుకడ్డీ లేస్తుంది, జేబులో ఫోను మ్రోగుతుంది. చిల్లర వెదుక్కునే పని లేదు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుండి జాతీయ రహదారుల టోల్‌గేట్ల వద్ద ఈ చీటీని తప్పనిసరి చేశారు. అది లేని బండికి ఖర్చెక్కువ.

చీటీలో బ్యాటరీ ఉండదు. గేటు పైని యంత్రం పంపే రేడియో తరంగాల నుండే శక్తి పుచ్చుకొని, తన సంఖ్యను తిరిగి చెబుతుంది. అడిగినది ఎవరి యంత్రమని అది విచారించదు.

“అట్లయితే దొంగ కూడా అడగవచ్చును గదా?” అని మీకు తోచవచ్చు. 2022 జూన్‌లో దేశమంతటా ఈ భయమే పాకింది. అద్దం తుడిచే పిల్లవాడొకడు చేతిగడియారంతో చీటీలోని డబ్బు లాగినట్లు ఒక వీడియో ఊరూరా తిరిగింది. అది ఒట్టి కల్పన అని ఈ ఏర్పాటును నడిపే జాతీయ చెల్లింపుల సంస్థ తెలియజేసింది. చీటీలో సొమ్ముండదు, ఖాతాలో ఉంటుంది. ఆ సొమ్ము ముందుగా నమోదైన టోల్‌గేట్లవంటి చోట్లకే చేరుతుంది గాని, దారిన పోయే మనిషి ఖాతాకు చేరదు.

డబ్బు సంగతి సరే. మరి రాకపోకల సంగతి?

మా ఇంట జరిగినదే చెబుతాను. మా తమ్ముడు పాత కారు అమ్మి, చీటీ రద్దు చేయించడం మరచాడు. వారం రోజులు మరదలి ఫోనుకు సందేశాలే సందేశాలు. కొన్నవారు ఏ పూట ఎట్టూర్‌వట్టం దాటారో, ఏ రాత్రి కయత్తారు దగ్గరి సాలైపుదూరు గేటు దాటారో మాకు తెలిసిపోయేది. పాపం, వారికి ఆ సంగతే తెలియదు. రుసుము తన ఖాతాలో పోతున్నదని తమ్ముడు చిరాకుపడ్డాడు. మా అమ్మ మాత్రం, “డబ్బు పోతే పోయింది. వాళ్ళింటివాళ్ళు ఎప్పుడెక్కడికి పోయేదీ మనకెందుకురా? రేపు మన సంగతి ఇంకొకరికి తెలిస్తే?” అన్నది.

అది చాదస్తం కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. కాని మన తలుపు గడియ మనమే వేసుకోవాలి గదా!

బండి అమ్మిన నాడే చీటీని బ్యాంకులో రద్దు చేయించి, అద్దం మీద నుండి గీకివేయండి. పాత బండి కొన్నవారు మొదట అద్దం చూసుకొని, తమ పేరిట కొత్త చీటీ తీసుకోండి. సందేశాలు ఎవరి ఫోనుకు పోతున్నవో ఒకసారి విచారించండి. యంత్రానికి చూపితే చాలుననే బ్యాంకు కార్డులకు 5000 రూపాయల వరకు రహస్య సంఖ్య అవసరం ఉండదు. అటువంటిది పోగొట్టుకుంటే, దొరుకుతుందేమోనని ఆగక, వెంటనే నిలుపు చేయించండి.

తమ్ముడు మర్నాడే బ్యాంకుకు పోయి వచ్చాడు. ఆ కారు ఇప్పుడెక్కడ తిరుగుతున్నదో మాకు తెలియదు. తెలియకపోవడమే మర్యాద.